పదకొండు గోడౌన్లకూ ఒక్క పేరు

నా ముగ్గురు పిల్లలకు పేర్లు పెట్టడానికి మొత్తం కలిపి ఒక పూట కూడా పట్టలేదు. పాస్టరుగారు ఏం పేరని అడిగారు, మా అత్తగారు చెప్పింది, అయిపోయింది. మా కోడలు మాత్రం కంప్యూటర్‌లో ఒక్క పేరు పెట్టడానికి పదహారు రోజులు తీసుకుంది. ఆ పదహారు రోజులూ నా వంటింట్లో, నా పొయ్యి పక్కన కూర్చునే తీసుకుంది.

మా ఊరు కారేపల్లి దాటాక అడవి వైపు. ఫోన్ సిగ్నల్ మా ఇంట్లో అన్ని గదులకూ రాదు. ముందు గదిలో ఒక గీత కనబడుతుంది, వసారాలో అదీ ఉండదు. వంటింటి కిటికీ దగ్గర, ఉప్పు జాడీ పెట్టుకునే గూటి పక్కన, ఒక మూరెడు జాగాలో మాత్రం నిండుగా వస్తుంది. అది కనిపెట్టింది కోడలే. వచ్చిన రోజు ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగి తిరిగి అక్కడ ఆగి, "అత్తమ్మా, నా ఆఫీసు గిదే" అంది. ఉప్పు జాడీ ఆ రోజే గూట్లోంచి నేల మీదికి దిగింది, ఆ చోట్లోకి ఆమె కంప్యూటర్ ఎక్కింది. అప్పటినుంచి నేను తాలింపు పెట్టాలంటే ఆమె మొహం చూసి పెట్టాలి. ఫోన్‌లో మాట్లాడుతుంటే చెయ్యి చాపి ఆగమంటుంది. ఆమె ఆగమంటే నేను ఆగుతాను, కాగిన నూనె ఆగుతుందా? వాళ్ల సార్ మాట ముగించేసరికి నా ఎండుమిరపకాయలు బొగ్గులయ్యేవి.

మందుల గోడౌన్లలో ఉండే కంప్యూటర్లను చూసుకోవడం ఆమె ఉద్యోగం. పదకొండు ఊళ్లలో పదకొండు గోడౌన్లు, ఒక్కోదాంట్లో ఒక పెద్ద కంప్యూటర్. ఏ మందు ఎంత నిల్వ ఉంది, దేనికి గడువు దాటింది అన్నీ అందులోనే ఉంటాయి. హైదరాబాద్ ఆఫీసులో వాళ్లూ, ఇక్కడ ఉప్పు గూటి దగ్గర మా కోడలూ, దూరం నుంచే వాటిలోకి పోయి పని చేస్తారు.

నా చిన్న కొడుకు భద్రాచలం రూట్లో బస్సు డ్రైవర్. పెళ్లయిన మూడేళ్లూ వాడు ఇక్కడ, ఆమె హైదరాబాద్‌లో ఆడవాళ్ల హాస్టల్లో. వాడికి సెలవు దొరికిన రోజు ఆమెకు దొరకదు, ఆమె వచ్చిన రోజు వాడు బస్సెక్కి ఉంటాడు. ఇంటి నుంచి పని చేసుకోవచ్చని ఆఫీసు వాళ్లు అన్నాక ఎనిమిది నెలల కిందట వచ్చింది. వాడు చేదని కాకరకాయ తినడన్న సంగతి, పెళ్లయిన మూడేళ్లకు, ఆ ఎనిమిది నెలల్లో తెలుసుకుంది. ఇంతలో అందరూ ఆఫీసుకు వెనక్కి రావాలని కబురొచ్చింది. ఈమె బతిమాలితే వాళ్ల సార్ ఒక మెలిక పెట్టాడు. ఈ లాగిన్ గోల నువ్వు తేల్చు, పదకొండు చోట్ల నుంచి ఒక్క ఫిర్యాదు రాకూడదు, ఫలానా శుక్రవారం దాకా గడువు. తేలిస్తే ఇంటి నుంచే చేసుకో, సంతకం పెడతాను. లేకుంటే సోమవారం ఆఫీసులో కనబడు.

ఆ గోలేమిటో నాకు వెల్లుల్లి ఒలుస్తూ చెప్పింది.

"ఈడనే ఉండి దూరం కెళ్లి నేను ఆ కంప్యూటర్లకు పోయేటప్పుడు, నేను ఏ రకం స్క్రీన్ ముందల కూసున్ననో దానికి ముందుగాల చెప్పాలె అత్తమ్మా. దాన్నే టెర్మినల్ టైపు అంటరు. నాకాడ రంగులున్నయా లేవా, ఏ మీట నొక్కితే ఏం పోతది, అంత ఆ ఒక్క పేరులనే ఉంటది. అది ఇని, దాని ప్రకారం గీసి పంపుతది."

"దానికి తెల్వని పేరు చెప్తే?"

"నువ్వెవరో నాకు తెల్వదు పో అంటది. లేకుంటే స్క్రీన్ నిండ చెత్త గీస్తది."

"మరి తెలిసిన పేరే చెప్పరాదు?"

"గదే కదా గోల! పదకొండూ ఒక్క తీరుగ లేవు. కొన్ని కొత్తయి, కొన్ని నడిమివి, నాలుగైతే ముట్టుకుంటే ఏమైతదో అని ఎవరూ ముట్టని ముసలివి. ఒకదానికి తెలిసింది ఇంకోదానికి తెల్వదు. నేను పోయినా, గోడౌన్లోళ్లు లాగిన్ అయినా, ఎవరూ ఏం చెప్పకున్నా అన్నిట్ల పనికొచ్చేటట్టు నేను ఒక్క పేరు పెట్టాలె. డీఫాల్ట్ అంటరు."

ఇది నాకు కొత్త విషయంగా అనిపించలేదు. నేను ఇరవై రెండేళ్లు అడవి అంచున ఆడపిల్లల హాస్టల్లో వంట చేశాను. బడి తెరిచిన మొదటి రోజు ఎవరెవరు వస్తారో తెలియదు. లోపలి గూడేల పిల్లలకు నూనె పడేది కాదు, జావ అడిగేవాళ్లు. సత్తుపల్లి వైపు పిల్లలకు కారం నషాళానికి అంటాలి. మొదటి పూట నేను కందిపప్పు మెత్తగా ఉడికించి, చింతపండు తక్కువ వేసి, కారం పక్కన పెట్టేదాన్ని. నోరు తెరిచి అడిగినవాళ్లకు మర్నాటి నుంచి వాళ్లకు కావలసింది. అడగనివాళ్లకు పప్పు. అదే చెప్పాను.

"అత్తమ్మా, ఇది పప్పు కాదు" అంది, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండానే.

సరే, కాదు.

మొదటి నాలుగు రోజులు తన స్క్రీన్ మీద ఏది అందంగా కనబడితే ఆ పేరే పెట్టింది. రెండువందల యాభై ఆరు రంగులట దాంట్లో. నా జన్మలో నేను అన్ని రంగుల చీరలు చూడలేదు. అది పెట్టిన గంటకే ఫోన్లు మొదలయ్యాయి. ముసలి కంప్యూటర్లున్న నాలుగు గోడౌన్ల వాళ్లూ లబోదిబోమన్నారు. అందులో ఒకాయన ప్రతి మాటకూ దగ్గుతాడు. "మేడం (ఖళ్ళు), స్క్రీన్ మొత్తం (ఖళ్ళు ఖళ్ళు) పగిలిన గాజుపెంకులేసినట్టుంది మేడం." నాకు ఆయన స్క్రీన్ కంటే ఆయన ఛాతీ మీదే దిగులు పట్టుకుంది. మిరియాల కషాయం తాగమని చెప్పవే అన్నాను. కోడలు చెయ్యి చాపి నన్ను ఆగమంది.

తర్వాత మూడు రోజులు అన్నిటికంటే సాదా పేరు పెట్టింది. వీటీ హండ్రెడ్ అని. అది ముసలివాటికీ కొత్తవాటికీ అన్నిటికీ తెలుసు. హమ్మయ్య అనుకుని నేను ఆ పూట పాయసం పొయ్యి మీద పెట్టాను. బెల్లం కరిగేలోపే మళ్లీ ఫోను. ఈసారి మిగిలిన ఏడు గోడౌన్లు. రంగులు లేవు, సగం మీటలు పని చేయట్లేదు. వాళ్లకు గడువు దాటిన మందుల పేర్లు ఎర్రగా కనబడేవట. ఇప్పుడు మంచిదీ, పాడైందీ ఒకే రంగు. ఫోన్ వెనకాల ఎప్పుడూ కోడి కూసే ఒకామె ఉండేది, ఆమె కడిగేసింది. "నేను కండ్లద్దాలు పెట్టుకొని ఒక్కోటి చదవాల్నా మేడం? పొరపాటున పాత మందు పోతే ఎవరు బాధ్యులు? మీరా?" ఆమె మాటలో న్యాయం ఉంది. వెనకాల కోడి కూడా అవునంది.

అక్కడికి కోడలికి బుద్ధొచ్చి, ఏ గోడౌన్‌కు ఏ పేరు తెలుసో ఒక్కొక్కరినీ అడిగి రాసుకోవడం మొదలుపెట్టింది. దూరం నుంచి పోతే అక్కడివాళ్ల స్క్రీన్ మీద ఏం కనబడుతుందో ఈమెకు తెలియదట, అక్కడ కూర్చున్న మనిషే కొట్టి చూసి చెప్పాలి. పాత కేలండర్ కాగితాలు చించి, వెనక వైపు గడులు గీసింది. ఊరికో గడి. పేరు తెలిస్తే టిక్కు, తెలియకపోతే ఇంటు. ఫోన్ చేయడం, పేరు చెప్పడం, వాళ్లు కొట్టి చూడటం, ఏమొచ్చిందో చెప్పడం. పొద్దున లేస్తే ఇదే. నాకు ప్రార్థనలో కూడా ఆ పేర్లే చెవిలో మోగేవి. ఒక ఆదివారం చర్చిలో ఆమెన్ అనాల్సిన చోట వీటీ హండ్రెడ్ అనబోయి నాలుక కరుచుకున్నాను.

అయినా తేలలేదు. రంగుల పేరు నాలుగింటికి తెలియదు. సాదా పేరు అందరికీ తెలుసు కానీ ఎవరికీ సరిపడదు. రెండింటికీ నడుమ ఎక్స్‌టర్మ్ అని ఇంకో పేరుంది. అందులో ఎనిమిదే రంగులు, ఎరుపు అందులో ఉంది, మీటలూ పనిచేస్తాయి. అది పది చోట్ల సరిపోయింది. పదకొండో దగ్గర ఇంటు. గోదావరి అవతల గోడౌన్ అది. ఆ ఒక్క ఇంటు కోసం మా పిల్ల వారం రోజులు తల బద్దలు కొట్టుకుంది. ఆ కంప్యూటర్‌కు ఆ పేరు ఎట్లా నేర్పాలో ఎవరెవరినో అడిగింది, ఏవేవో చదివింది, అన్నం ముందు పెట్టుకుని గోడ వైపు చూసింది. నా కొడుకు డ్యూటీ దిగి వచ్చి పలకరిస్తే, "ఇంకొక్కటే ఉన్నది" అనేది. రోజూ అదే ఒక్కటి. వాడు నావైపు చూసేవాడు, నేను సట్టివైపు చూసేదాన్ని.

గడువుకు ముందు రోజు, గురువారం పొద్దున, ఆ కాగితాలు నేను కాల్చేశాను.

కావాలని కాదు. మా ఇంట్లో కట్టెల గూట్లో ఉన్న కాగితం పొయ్యిదే. మా అత్తగారి నాటి నుంచి అంతే. శుభలేఖలు, మిఠాయి పొట్లాలు, కరెంటు చీటీలు, పని తీరిన ప్రతి కాగితం అక్కడికే చేరుతుంది. ఇంట్లో ఎవరికైనా దాచుకోవాల్సింది ఉంటే ఇంకెక్కడైనా పెట్టుకోవాలి. మా ఇంటాయనకు మోకాళ్ల నొప్పులు, ఎండాకాలంలో కూడా వేడినీళ్లే పోసుకుంటాడు. ముందు రోజు చెడగొట్టు వాన పడి కట్టెలు తడిశాయి. పొయ్యి ఎంతకూ రాజుకోలేదు. గూట్లో చెయ్యి పెట్టాను, నాలుగు కేలండర్ కాగితాలు దొరికాయి, మడిచి కింద తోశాను. భగ్గున అంటుకుంది.

కోడలు నిద్ర కళ్లతో వచ్చి గూట్లో చూసింది. పొయ్యిలో చూసింది.

"అత్తమ్మా, ఈడ కాయితాలు..."

"కట్టెల గూట్ల ఎందుకు పెట్టినవే?"

"మామయ్య వాటి మీద కాఫీ గ్లాసు పెడుతుండని తీసి ఈడ పెట్టిన!"

మా ఇంటాయన తుండు భుజాన వేసుకుని నీళ్లలో వేలు ముంచి చూసుకున్నాడు. "నీళ్లైతే మంచిగ కాగినయ్" అన్నాడు. ఆ పూట నా చేతిలో చెంబు ఆయన నెత్తిన పడకపోవడం ఆయన అదృష్టం.

పిల్ల అక్కడే పీట మీద కూలబడి ఏడ్చింది. మొత్తం మళ్లీ అడగాలంటే ఎన్ని రోజులు పడుతుంది, రేపే శుక్రవారం, సోమవారం హాస్టల్, అదే మంచం, అదే నీళ్ల సాంబారు. తప్పు నాది. తప్పు నాదైనప్పుడు నాకు ఎదుటివాళ్ల మీద కోపం వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

"ఊకో! కాయితం కాలితే ఏమాయె, నేను సచ్చిన్నా?" అని అరిచాను.

"అండ్ల ఏమున్నదో నీకేం ఎరుక అత్తమ్మా?"

"నువ్వు రాసింది నాకు ఎరుక లేదు. నువ్వు మాట్లాడింది ఎరుకే. నా చెవి పక్కన పదహారు దినాలు గదే కదా రామాయణం. రా, కూసో."

నేను నాలుగో తరగతిలో బడి మానేశాను. రాసుకోవడం అలవాటు లేనివాళ్లం చెవితోనే దాచుకుంటాం. హాస్టల్లో నూట ఇరవై మంది పిల్లల్లో ఎవరికి గుడ్డు పడదు, ఎవరికి వంకాయ దురద, ఎవరు శుక్రవారం ఉపవాసం, అన్నీ అట్లాగే ఉండేవి. ఈ పదకొండు మంది నాకు ఒక లెక్కా? అయితే నాకు ఊళ్ల పేర్లతో గుర్తులేదు. మనుషులతో గుర్తు.

ఆ రోజు చింతపండు గింజ తీసే పని పెట్టుకున్నాను. గింజలు చాటలో ఉన్నాయి. మూడు కుప్పలు అనుకున్నాం. రంగుల పేరుకు ఒకటి, నడిమి పేరుకు ఒకటి, సాదా పేరుకు ఒకటి. నేను చెబుతుంటే ఆమె గింజ వేస్తుంది.

"దగ్గాయన. నేను దొండకాయలు తరుగుతున్న. రంగుల పేరు కొట్టిండు, తెల్వదన్నది. నడిమిది కొట్టిండు, మంచిగున్నది మేడం అని రెండుసార్లు దగ్గిండు. సాదాది సరే. నడిమిదాంట్లె ఒకటి, సాదాదాంట్లె ఒకటి వెయ్యి."

వేసింది.

"కోడి కూసే ఆమె. ఆమెకు మూడూ వచ్చినయ్. కానీ నిన్ను తిట్టింది."

"అది రాసుకోలే నేను" అంది, ముక్కు తుడుచుకుంటూ. మొదటిసారి కొంచెం నవ్వింది.

అట్లా ఒక్కొక్కరే వచ్చారు. సార్లకు సార్ లాగా ఇంగ్లీషులో మాట్లాడే ఆయన, ఫోన్ ఎత్తగానే భోజనం చేశారా అని అడిగే ఆమె, మధ్యలో ఎవరినో తిట్టి మళ్లీ మెత్తగా సారీ మేడం అనే ఆయన. కోడలు రెండుచోట్ల నమ్మలేక ఫోన్ చేసి అడిగింది కూడా. నేను చెప్పినట్టే చెప్పారు. మూడోసారి ఫోన్ తీయబోతే చేతి మీద ఒకటి వేశాను.

చివరికి కుప్పలు చూస్తే రంగుల పేరుకు ఏడు, సాదా పేరుకు పదకొండు, నడిమి పేరుకు పది.

"మళ్ల గాడికే వచ్చినం" అంది కోడలు. "గోదావరి అవతలాయన. ఆయనకు నడిమిది తెల్వదు. ఇంటు పెట్టిన, నాకు మంచిగ యాదికున్నది."

"ఎవరూ, కిళ్ళీ నములుకుంట మాట్లాడుతడు, ఆయననా?"

"అవ్, ఆయనే."

"ఆయన తెల్వదని ఎప్పుడన్నడు?"

"అన్నడు కదా!"

"అనలే." నాకు ఒళ్లు మండింది. వారం రోజులు ఈ పిల్ల ఎవరితో కొట్లాడుతోంది మరి? "ఆగుండ్రి మేడం, కొడుతున్న అన్నడు. గంతే. ఫోను కట్టయింది. అప్పుడే పాలు పొంగినయ్, నువ్వే లేచి దించినవ్. మసిగుడ్డ దొరక్క పైటతోని పట్టుకున్నవ్. ఇంతల మావోడు బస్సు దిగి వచ్చిండు. నువ్వు కాయితం మీద ఒక గీత గీసి వాని ఎనకాల పోయినవ్. ఆయన మళ్ల చేయలే, నువ్వూ చేయలే."

ఆమె చేతిలో గింజ చేతిలోనే ఉంది.

"కాల్ కట్టయిందని పెట్టిన ఇంటు అది" అంది మెల్లగా. "తర్వాత చూసుకున్నప్పుడు తెల్వదేమో అనుకున్న."

అంటే ఆ కాగితాలు కాలకుండా ఉండి ఉంటే, ఆ ఇంటు చూస్తూ ఈమె సోమవారం హైదరాబాద్ బస్సెక్కేది. అది నేను అప్పుడు అనలేదు. అనాలని నోటిదాకా వచ్చింది, మింగాను. మా ఇంటాయన నీళ్లు పోసుకుని వచ్చి తల తుడుచుకుంటూ ఆ మాట అననే అన్నాడు.

కిళ్ళీ ఆయనకు ఫోన్ కలవడానికి గంటన్నర పట్టింది. అవతల సిగ్నల్ మాకంటే అన్యాయం. కలిసేసరికి కోడలు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది.

"అన్నా, ఆ రోజు ఎక్స్‌టర్మ్ అని కొట్టమన్న కదా, ఏమొచ్చింది?"

నోట్లో ఉన్నది ఉమ్మి వచ్చి తీరిగ్గా చెప్పాడు మహానుభావుడు. "మంచిగనే వచ్చింది మేడం. ఆ రోజు సంది గట్లనే నడుస్తున్నది."

"పాత మందుల పేర్లు ఎర్రగ కనబడుతున్నయా?"

"ఎర్రగనే ఉన్నయ్."

"మరి నాకు చెప్పలేదేందన్నా?"

"మీరు మళ్ల అడగలే మేడం, నేను చెప్పలే."

పొయ్యి మీద ఏమీ లేదు కాబట్టి సరిపోయింది. ఉండి ఉంటే ఆ సట్టి తీసి గోదావరి అవతలికి విసిరేదాన్ని. వారం రోజులు! అన్నం తినలేదు, నిద్ర పోలేదు, నా కొడుకు మొహం మాడిపోయింది, దీనికంతటికీ కారణం ఈయన నోట్లో కిళ్ళీ, ఈమె కలంలో తొందర. కోడలు ఫోన్ పెట్టేసి, చేతిలో గింజను నడిమి కుప్పలో వేసింది. పదకొండు.

ఆ మధ్యాహ్నమే ఎక్స్‌టర్మ్ పెట్టేసింది. ఏం చెప్పకుండా వచ్చినవాళ్లకు అది. మాకు అన్ని రంగులూ కావాలి అన్నవాళ్లకు, వాళ్ల వాళ్ల దగ్గర రంగుల పేరు పెట్టుకునే వీలు చేసింది. నేను పప్పు సంగతి ఎత్తలేదు. ఆమే ఎత్తింది. "నువ్వు చెప్పిన పప్పే అత్తమ్మా ఇది" అంది. మొదటి రోజే వింటే పోయేది కదా అన్నాను. పదిహేను రోజుల మిరపకాయలు మిగిలేవి.

శుక్రవారం పొద్దున నుంచి ఫోన్ ముందు కూర్చున్నాం. ఒక్కటి మోగింది. దగ్గాయన. మళ్లీ మొదలైందనుకున్నాం. అంతా బాగుంది మేడం అని చెప్పడానికి చేశాడట. దానికి ఫోన్ చేయాలా మనిషి? ఈసారి ఫోన్ నేనే లాక్కుని మిరియాల కషాయం సంగతి చెప్పాను.

సాయంత్రం సార్ చేశాడు. పదహారు రోజులు తేలనిది ఒక్క రోజులో ఎట్లా తేలింది, ఏ గోడౌన్‌లో ఏం చూశావు, ఆ డాక్యుమెంట్ పంపు అన్నాడు. కోడలు నావైపు చూసింది. నేను మిగిలిన చింతపండు ముందేసుకుని ఉన్నాను.

"డాక్యుమెంట్ చింతపండు గింజ తీస్తున్నది సార్" అంది.

ఏమనుకున్నాడో, సంతకం పెట్టి పంపాడు. అది కూడా ఆరు నెలలకే. ఆరు నెలలకు మళ్లీ అడగాలట, అప్పుడు ఇంకేం మెలిక పెడతాడో. ఈ మనుషులకు ఒక పని ఒక్కసారికి తెమల్చడం రాదు.

నా కొడుకు డ్యూటీ దిగి వచ్చి, "ఇంకొక్కటే ఉన్నదా?" అని అడిగాడు. "ఏం లేదు, అన్నం తిను" అంది. ఇద్దరూ ఒకే పళ్లెం దగ్గర కూర్చున్నారు. కాకరకాయ వండలేదు.

ఇప్పుడు ఆమెకు అట్టలున్న నోటుబుక్కు ఉంది, మేకుకు వేలాడుతుంది. కట్టెల గూట్లోకి చెయ్యి పెట్టే ముందు నేనూ కేకేసి అడుగుతున్నాను. ఉప్పు జాడీ మాత్రం ఇంకా నేల మీదే ఉంది. చారులో ఉప్పు వేయాలంటే రోజుకు నాలుగుసార్లు వంగాలి. వంగినప్పుడల్లా నడుము పట్టేస్తుంది, వంగినప్పుడల్లా తిట్టుకుంటాను. గూట్లోకి మాత్రం ఎక్కించలేదు.